తాత నెత్తురా, ట్యూషన్ బెత్తమా?

విశాఖ కంచరపాలెంలో ఉండే మా పెదనాన్న గారి మనవడు, తొమ్మిదో తరగతి, ట్యూషన్లో పక్క కుర్రాడి మొహం మీద జామెట్రీ బాక్సుతో కొట్టాడు. కనుబొమ మీద కుట్లు పడ్డాయి. ఇద్దరిదీ ఒకే స్కూలు కావడంతో స్కూలువాళ్లు మనవాడికి టీసీ ఇచ్చేస్తామంటున్నారు. పెద్దమ్మది ఒకటే మాట, "వాడికి తాత నెత్తురొచ్చింది" అని. ఆదివారం సాయంత్రం ఎంవీపీ కాలనీలో మా డాబా మీద దీని గురించే మా ఆవిడ సుజాతకీ (ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ టీచరు), మా తమ్ముడు రమణకీ (ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్తాడు) వాదన పడింది. నేను మధ్యలో దూరలేదు, దూరితే ఇద్దరూ ఒకటైపోయి నా మీద పడతారు. గుర్తున్నంతవరకూ రాస్తున్నా, తిట్లు తీసేశాను.

రమణ: పెద్దమ్మ మాటని అలా కొట్టిపారెయ్యకండి వదినా. పెదనాన్న పోర్టులో కలాసీగా చేసినన్నాళ్లూ గొడవ లేని వారం లేదు. వాళ్లబ్బాయి, అదే వీడి నాన్న, మన అన్నయ్యేమో, జగదాంబ దగ్గర ఎవడో ఓవర్‌టేక్ చేశాడని బండి ఆపించి మరీ చెంప పగలగొట్టిన మనిషి. ఇప్పుడు వీడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని ఊరికే అన్నారా?

సుజాత: ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని కూడా అన్నారు, అది నీకు గుర్తు రాదు. మూడు తరాల నెత్తురు ఒకటే అంటున్నావు, మూడు తరాల ఇల్లు కూడా ఒకటే కదా. పెదమావయ్య గారు తాగొచ్చి పెద్దత్తయ్యని కొడుతుంటే మీ అన్నయ్య చూస్తూ పెరిగాడు. మీ అన్నయ్య బెల్టు తీస్తుంటే వీడు చూస్తూ పెరుగుతున్నాడు.

రమణ: అసలు చిక్కు అక్కడే. ఒక ఇంట్లో జీన్సూ బెల్టూ కలిసే వస్తాయి, ఏది ఎంత చేసిందో ఆ ఇంట్లో కూర్చుని ఎవరూ చెప్పలేరు. అందుకే కవలల్నీ, దత్తత వెళ్లిన పిల్లల్నీ చూస్తారు. ఒకే అండం నుంచి పుట్టిన కవలలు, రెండు అండాల కవలల కంటే దుడుకుతనంలో ఒకరికొకరు బాగా దగ్గరగా ఉంటారు. అలాంటి స్టడీలన్నీ కలిపి చూస్తే మనుషుల ఆవేశంలో కనిపించే తేడాల్లో దాదాపు సగానికి జన్యువులే కారణమని తేలుతోంది.

సుజాత: సగం అంటే? వీడు వేసిన దెబ్బలో సగం తాతదా?

రమణ: అలా కాదు. ఒక మనిషి కోపాన్ని కోసి ఇది సగం, అది సగం అనడానికి ఉండదు. చాలామందిని పక్కపక్కన పెడితే వాళ్ల మధ్య కనబడే తేడా గురించే ఆ లెక్క.

సుజాత: అయితే ఈ ఒక్క కుర్రాడి గురించి అది చెప్పేదేమీ లేదు. సరే, దత్తత పిల్లలన్నావు, వాళ్ల సంగతి చెప్పవేం?

రమణ: డెన్మార్క్‌లో పద్నాలుగు వేల మందికి పైగా దత్తత పిల్లల రికార్డులు తీశారు, 1984లో అచ్చయింది. కన్నవాళ్లకి కోర్టులో శిక్ష పడి ఉంటే, వేరే ఇంట్లో పెరిగిన పిల్లలకి కూడా శిక్షలు పడటం ఎక్కువగా కనిపించింది.

సుజాత: ఏ నేరాలకి?

రమణ: దొంగతనాల్లాంటి వాటికి.

సుజాత: కొట్లాటలకి?

రమణ: కొట్లాటలకైతే ఆ సంబంధం కనబడలేదు.

సుజాత: మనవాడు జామెట్రీ బాక్సు దొంగిలించలేదు రమణా, దాంతో కొట్టాడు.

(ఇక్కడ మావాడు కాసేపు నీళ్లు నమిలాడు. నిజానికి ఆ స్టడీ వాడే ఎత్తకుండా ఉండాల్సింది.)

రమణ: ఒక్క స్టడీతో తేలిపోయే విషయమా ఇది? నెదర్లాండ్స్‌లో ఒక కుటుంబం ఉంది, వాళ్ల మీద హాన్ బ్రునర్ అనే డాక్టరు బృందం 1993లో పేపర్ వేసింది. ఆ ఇంట్లో కొందరు మగవాళ్లు చిన్నదానికే రెచ్చిపోతారు, ఇద్దరికి నిప్పు పెట్టే అలవాటుంది, ఒకడు తన బాస్‌నే కారుతో గుద్దబోయాడు. బుద్ధిమాంద్యం కూడా కొంచెం ఉంది. ఆడవాళ్లకి ఏమీ లేదు. వెతికితే మావో-ఏ అనే ఎంజైమ్‌ని తయారుచేసే జన్యువు వాళ్లలో పూర్తిగా చెడిపోయి ఉంది. మెదడులో సెరటోనిన్, నారడ్రినలిన్ లాంటి రసాయనాల్ని పని అయ్యాక విరగ్గొట్టేది ఆ ఎంజైమే. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, ఆడవాళ్లకి రెండు ఎక్స్‌లు కాబట్టి ఒకటి పాడైనా రెండోది ఆదుకుంటుంది, మగవాడికి ఉన్నది ఒక్కటే.

సుజాత: అలాంటి కుటుంబాలు ప్రపంచంలో ఎన్ని దొరికాయి?

రమణ: చాలా తక్కువ, ఒప్పుకుంటాను. కానీ అదే జన్యువులో కొంచెం మందంగా పనిచేసే రకం ఒకటుంది, అది అరుదు కాదు, యూరప్ మగవాళ్లలో మూడింట ఒక వంతు మందికి ఉంటుంది.

సుజాత: మూడింట ఒక వంతా! మరి వాళ్లందరూ బాస్‌ల మీదకి కార్లు తోలుతున్నారా?

రమణ: లేదు. అందుకే న్యూజీలాండ్ స్టడీ చెప్తాను, ఇది మీకూ నచ్చుతుంది. డునెడిన్‌లో 1972-73లో పుట్టిన వెయ్యి మంది పిల్లల్ని పెద్దయ్యేదాకా వెంటాడి చూస్తూ వచ్చారు. 2002లో కాస్పీ, మాఫిట్ అనే పరిశోధకులు అందులో మగపిల్లల లెక్కలు బయటపెట్టారు. మందకొడి జన్యువు ఉండి మంచి ఇంట్లో పెరిగినవాళ్లకి ఏమీ కాలేదు. మందకొడి జన్యువూ ఉండి, చిన్నప్పుడు దెబ్బలూ హింసా చూసినవాళ్లు మొత్తంలో 12 శాతమే, కానీ హింసాత్మక నేరాల శిక్షల్లో 44 శాతం వాళ్ల ఖాతాలోనే పడ్డాయి.

సుజాత: అంటే దెబ్బలు తీసేస్తే ఆ జన్యువు నోరు మూసుకుని కూర్చుంటుందని నువ్వే చెప్పావు.

రమణ: ఆ మందకొడి రకం లేనివాళ్లలో దెబ్బల ప్రభావం కూడా చాలా తగ్గింది, అదీ అందులోనే ఉంది! అయినా తర్వాత చేసినవాళ్లందరికీ అంత గట్టిగా ఆ ఫలితం రాలేదు, ఒక్క జన్యువుకి ఇంత బరువు మోపకూడదని ఇప్పుడు అందరూ అంటున్నారు. వందల జన్యువులు, ఒక్కోటీ చిటికెడు చిటికెడు.

సుజాత: నీ చిటికెడు జనానికి చేరేసరికి ముద్ర అవుతుంది, నా గొడవ అదీ. సోషల్ టీచర్ని, చెప్పనివ్వు. 1871లో తెల్లవాళ్లు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చి, కొన్ని కులాలకి పుట్టుకతోనే నేరగాళ్లని పేరు పెట్టారు. మన బాపట్ల దగ్గర స్టూవర్టుపురం ఎలా పుట్టింది? ఎరుకలవాళ్లని తెచ్చి సెటిల్మెంట్లో పెట్టి, హాజరు వేయించి, ఊరు దాటాలంటే అనుమతి అడగమన్నారు. 1952లో గానీ దేశంలో ఆ ముద్ర చట్టం నుంచి పోలేదు, జనం నోట్లోంచి ఇప్పటికీ పోలేదు. తాత నెత్తురని పెద్దత్తయ్య అన్నదీ, ఆ చట్టం అన్నదీ ఒకటే.

రమణ: దాన్ని జెనెటిక్స్ నెత్తిన రుద్దకండి. మెండెల్ 1866లో అచ్చువేసిన పేపర్‌ని 1900 దాకా ఎవరూ పట్టించుకోలేదు. ఆ చట్టం చేసినవాళ్లకి జన్యుశాస్త్రం అక్షరం ముక్క తెలీదు.

సుజాత: తెలిశాక ఏం ఉద్ధరించారు? 1965లో స్కాట్లండ్‌లో నేరస్తుల్ని ఉంచే ఆసుపత్రిలో అదనంగా ఒక వై క్రోమోజోమ్ ఉన్న మగవాళ్లు కొందరు కనిపించారని, వాళ్లంతా పుట్టు హంతకులని పేపర్లు మొదలెట్టాయి. చికాగోలో ఎనిమిది మంది నర్సింగ్ అమ్మాయిల్ని చంపిన స్పెక్ కూడా ఆ బాపతేనని రాసేశారు, పరీక్ష చేస్తే వాడిది మామూలు ఎక్స్‌వై. 1976లో డెన్మార్క్‌లో సరిగ్గా లెక్క తీస్తే ఆ అదనపు వై ఉన్నవాళ్లు హింసలో ఎక్కువేమీ కాదని తేలింది. ఈలోపు అంటాల్సిన మచ్చ అంటేసింది.

(ఇది ఆవిడకి ఎలా తెలుసని రమణ నా వైపు చూశాడు. నేను ఆకాశం చూశాను.)

రమణ: సరే, ఇప్పుడు నేనొకటి అడుగుతాను. మీ చెల్లెలి కూతురు, రెండున్నరేళ్లు, మొన్న ఆర్కే బీచ్‌లో మొక్కజొన్న పొత్తు ఇవ్వలేదని వాళ్లన్న మోచెయ్యి కొరికింది, పళ్లు దిగాయి, నేనే కడిగాను. ఎవరు నేర్పారు దానికి? ఆ ఇంట్లో గట్టిగా అరిచేవాళ్లు కూడా లేరు. కెనడాలో ట్రెంబ్లే అనే ఆయన ఏళ్ల తరబడి పిల్లల్ని చూసి చెప్పిందేంటంటే, మనిషి జీవితంలో కొట్టడం, కొరకడం, తొయ్యడం ఎక్కువగా ఉండేది రెండు నుంచి నాలుగేళ్ల మధ్యే. కొట్టడం ఎవరూ నేర్చుకోనక్కర్లేదు, మానడమే నేర్చుకోవాలి.

సుజాత: ఇదిగో, ఇప్పుడు దారిలోకొచ్చావు. మానడం ఎవరు నేర్పాలి? చుట్టూ ఉన్నవాళ్లే.

రమణ: ఆ, అక్కడే నాకు మంట. చుట్టూ ఉన్నవాళ్లు అంటే మన ఇళ్లల్లో ఎవరు? తల్లి. అన్నయ్య బెల్టు తీస్తాడు, అయినా ఇవాళ అందరూ అంటున్నది "ఆవిడ పెంపకం అలా తగలడింది" అని. ఆమె వారం రోజులుగా అన్నం సరిగ్గా తినట్లేదు. నెత్తురంటే పిల్లాడి మీద పడతారు, పెంపకమంటే తల్లి మీద పడతారు. మీ వాదనలో ఆ ముద్ర లేదా వదినా?

సుజాత: ఉంది. కానీ నేను పెంపకం అనలేదు, పరిసరం అన్నాను. అందులో సీసం కూడా వస్తుంది. అమెరికాలో సిన్సినాటిలో పిల్లల్ని కడుపులో ఉన్నప్పటి నుంచీ చూస్తే, రక్తంలో సీసం ఎక్కువున్నవాళ్లు పెద్దయ్యాక హింస కేసుల్లో ఎక్కువగా అరెస్టయ్యారు. మన దగ్గర సీసం పెట్రోలు ఆగింది 2000లో, అప్పటిదాకా అందరం పీల్చాం. దానికి ఏ తల్లిని తిడతారు? మందు కూడా వస్తుంది, పోర్టు గేటు బయట జీతం రోజు పెదమావయ్య గారికి ముందు కనబడేది మందు షాపే కదా.

రమణ: మందు అన్నారు కాబట్టి, ఫిన్లాండ్‌లో 2010లో ఇంకో జన్యువులో చెడిన రకం ఒకటి దొరికింది, మెదడులో సెరటోనిన్‌ని అందుకునే గ్రాహకాన్ని తయారుచేసే జన్యువు అది. ఆ చెడిన రకం ఉన్నవాళ్లు చేసిన ఘోరాలు ఎక్కువగా తాగి ఉన్నప్పుడే జరిగాయి.

సుజాత: తాగనప్పుడు?

రమణ: ఆ రకం ఉన్నవాళ్లు అక్కడ లక్షకి పైగా ఉన్నారు, ఎక్కువమంది మామూలుగానే బతుకుతున్నారు.

సుజాత: అయితే ఇది విను. ఆ రోజు ట్యూషన్లో ఏం జరిగిందో మీరెవరూ అడగలేదు, నేను వాడిని అడిగాను. మార్కులు తగ్గాయని సారు అందరి ముందు బెంచీ ఎక్కించి, అరచేతులు వాచేదాకా బెత్తంతో కొట్టాడు. దిగుతుంటే పక్కవాడు నవ్వాడు. అరచేతులు ఇంకా కమిలే ఉన్నాయి, నేను చూశాను. బళ్లో పిల్లల్ని కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్లో ఉంది, ట్యూషన్ల వాళ్లు అది తమకి కాదనుకుంటారు. కుట్లు పడిన పిల్లాడికి వీడు క్షమాపణ చెప్పాలి, ఖర్చు మనం పెట్టుకోవాలి, అందులో రెండో మాట లేదు. కానీ టీసీ వీడికీ, ఫీజు ఆ సారుకీనా?

రమణ: తమని చూసి ఎవరైనా నవ్వినా కొట్టనివాళ్లు అదే బెంచీల్లో ముప్ఫై మంది ఉన్నారు వదినా. ఆ తేడా వీడిలోనే ఉంది. ఇంట్లో షుగర్ ఉన్నవాడికి ముందే స్వీట్లు తగ్గించినట్టు, ఇలాంటి పిల్లాడి దగ్గర బెత్తం అందరికంటే ముందు దాచాలని నేనంటున్నాను, క్షమించి వదిలెయ్యమని కాదు. ఇటలీలో 2009లో ఒక కోర్టు ఈ జన్యువులు చూసి హంతకుడికి ఏడాది శిక్ష తగ్గించింది, అదీ నాకు నచ్చలేదు.

సుజాత: బెత్తం దాచమంటున్నావు కదా, నాకు అది చాలు. సోమవారం స్కూలుకి నేను వెళ్తున్నా, హెడ్మాస్టర్‌తో మాట్లాడి, అటునుంచి ట్యూషన్‌కి.

రమణ: నేనూ వస్తాను.

సుజాత: వద్దు. నువ్వొస్తే అక్కడ నెదర్లాండ్స్ నుంచి మొదలెడతావు.