మానుకు మేకు కొడితే చెట్టుకు ఇనుము అందదు

నర్సంపేట నుంచి జగిత్యాల దాకా తోటల రైతులున్న వాట్సాప్ గ్రూపుల్లో ఒకే సందేశం తిరుగుతోంది. తెలిసినవారే పదే పదే పంపుతున్నారు గనుక జవాబు రాయక తప్పడం లేదు. ఎర్రనేలలో ఇనుము పుష్కలం కాబట్టి అక్కడ ఇనుప ధాతు లోపం రాదట. ఆకు పసుపు తిరిగితే యూరియా వేయాలట. అప్పటికీ తగ్గకపోతే అమావాస్య నాడు మానుకు తుప్పు మేకులు కొట్టాలట, పాదులో అన్నభేదిని (ఫెర్రస్ సల్ఫేట్) పశువుల ఎరువుతో కలిపి వేయాలట.

నేలలో ఇనుము ఉన్నంత మాత్రాన వేరుకు అందదు. ఆ ఎరుపు తుప్పు లాంటి ఇనుప సమ్మేళనమైన ఫెర్రిక్ ఆక్సైడ్‌ది, అది నీటిలో దాదాపు కరగదు. జామ, బత్తాయి, మామిడి వేర్లు తమ చుట్టూ ఆమ్లాన్ని వదిలి, ఫెర్రిక్ ఇనుమును వేరు పైపొర దగ్గరే సులువుగా కరిగే ఫెర్రస్ రూపానికి మార్చుకొని లోపలికి తీసుకుంటాయి. సున్నపు నేలల్లోనూ, బైకార్బనేట్లు ఎక్కువున్న బోరు నీరు ఏళ్ల తరబడి పారిన పాదుల్లోనూ ఆ ఆమ్లం పనిచేయకుండానే విరిగిపోతుంది. నేల ఉదజని సూచిక (pH) ఒక్క అంకె పెరిగితే ఫెర్రిక్ ఇనుము కరిగే గుణం సుమారు 1000 రెట్లు తగ్గుతుంది.

యూరియా సలహా తప్పు. అది ఇచ్చేది నత్రజని. నత్రజని లోపం ముదురు ఆకుల్లో, ఇనుము లోపం లేత ఆకుల్లో మొదలవుతాయి. ఇనుము లోపమైతే లేత ఆకును వెలుతురుకు పట్టి చూస్తే సన్నని ఈనెలు సైతం ఆకుపచ్చని వలలా నిలిచి, నడుమ భాగమంతా పాలిపోయి ఉంటుంది. అమావాస్య ప్రస్తావనకు జవాబు అనవసరం.

అన్నింటికంటే హాని చేసేది మేకు. దాని తుప్పు కూడా నేలలోని ఎరుపు లాంటి ఆక్సైడే. ఎర్రనేలలో ఇనుముకు కొదవ లేదన్న పెద్దమనిషే మళ్లీ మేకు ఎందుకు కొట్టమంటున్నాడు? చెట్టులో ఇనుము ఎక్కువగా సిట్రేట్‌తో జతకూడి, కరిగిన రూపంలో నీటితోపాటు ఆకుకు చేరుతుంది. లోహపు ముక్క అలా పైకి పారదు. మేకు దిగిన చోట బెరడు చిట్లి, చుట్టూ చెక్క నల్లబడుతుంది, తెగుళ్లకు దారి తెరుచుకుంటుంది. బంక తెగులుకు లోనయ్యే బత్తాయి మానుకు చేజేతులా గాయం చేయమని చెప్పే హక్కు ఎవరిచ్చారు?

అయితే ఆ సందేశంలో చివరి మాట, అన్నభేదిని పశువుల ఎరువుతో కలిపి వేయమన్నది మాత్రం సరైనదే. విడిగా వేసిన అన్నభేది సున్నపు నేలలో త్వరగా ఫెర్రిక్ రూపానికి మారి చిక్కుపడుతుంది. బాగా చివికిన పశువుల ఎరువులోని సేంద్రియ పదార్థాలు కొంత ఇనుమును వేరుకు అందే రూపంలో పట్టి ఉంచుతాయి. తక్షణ ఉపశమనానికి లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి, ఎండ తగ్గాక లేత ఆకులు తడిసేలా పిచికారీ చేయాలి. ఆకుపై పడిన ఇనుము తర్వాత వచ్చే చిగుళ్లకు పెద్దగా చేరదు గనుక కొత్త చిగురు పాలిపోయి కనిపిస్తే మళ్లీ పిచికారీ చేయవలసిందే.