ఒక్కరున్న ఇంటికి ఇద్దరి రుసుమా?

హైదరాబాదు శివార్లలో అరవై దాటినవారి కోసం కట్టిన ఒక కమ్యూనిటీ, దాని సర్వసభ్య సమావేశం: ఈ వాదానికి కల్పించుకున్న రంగం ఇది. మొత్తం 120 ఫ్లాట్లు. 75 ఇళ్లలో దంపతులున్నారు, 45 ఇళ్లలో ఒక్కొక్కరే ఉన్నారు. మెయింటెనెన్స్ కాక, క్లబ్ హౌస్, ఈత కొలను, ఫిజియోథెరపీ, నర్సు, అంబులెన్స్ కింద ప్రతి ఫ్లాటూ నెలకు 4,000 రూపాయల సౌకర్యాల రుసుము కడుతోంది. ఒక్కరే ఉండే ఫ్లాటుకు అందులో మూడో వంతు తగ్గించాలని, భర్తను పోగొట్టుకున్న ఒక రిటైర్డ్ ఉపాధ్యాయిని తీర్మానం పెట్టారు. దాన్ని ఎదిరిస్తున్నది సంఘం కోశాధికారి. ఆయన బ్యాంకు మేనేజరుగా పనిచేసి రిటైరై, భార్యతో అక్కడే ఉంటున్నారు.

ఉపాధ్యాయిని: లిఫ్టు గురించి గానీ, కాపలా సిబ్బంది జీతాల గురించి గానీ నేను మాట్లాడటం లేదని ముందే చెబుతున్నాను. నేనొక్కదాన్నే ఎక్కినా, మీరిద్దరూ ఎక్కినా లిఫ్టు ఏఎంసీ, అంటే ఏడాది మరమ్మతుల ఒప్పందం ఖర్చు, మారదు. ఆ ఖర్చంతా మెయింటెనెన్స్‌లో ఉంది, చదరపు అడుగుల లెక్కన అందరితోపాటు నేనూ కడుతున్నాను. నా అభ్యంతరమల్లా ఈ 4,000 మీదే. ఫిజియోథెరపీ మనిషికి నెలకు నాలుగు విడతలు, డాక్టరు పరీక్ష మనిషికి ఒకటి, క్లబ్ కార్డు మనిషికి ఒకటి. సేవలను తలల లెక్కన ఇస్తూ, డబ్బును గడపల లెక్కన వసూలు చేస్తున్నారు. మీ ఇంట్లో తలకు 2,000 పడితే, నా ఇంట్లో 4,000 పడుతోంది.

కోశాధికారి: టీచర్ గారూ, తలల లెక్కన పెరిగే ఖర్చు ఆ 4,000లో కొంతే. ఫిజియోథెరపిస్టుకు మనం ఇచ్చేది నెల జీతం. పదిమంది వచ్చినా, ఇద్దరే వచ్చినా అది తగ్గదు. కొలను మోటారు, రాత్రి డ్యూటీ నర్సు, డ్రైవరుతో సహా సిద్ధంగా ఉండే అంబులెన్స్, ఇవన్నీ వాడినా వాడకపోయినా అయ్యే ఖర్చులే. ఉమ్మడి సౌకర్యాన్ని వాడుకోవడం మానేసినంత మాత్రాన యజమాని తన వాటా ఖర్చును తప్పించుకోలేడని మహారాష్ట్ర 1970 నాటి అపార్ట్‌మెంట్ల చట్టంలో స్పష్టంగా రాసి ఉంది. మెయింటెనెన్స్ నెలకు 7,500 దాటితే జీఎస్టీ అంటున్నారే, ఆ పరిమితి కూడా ఫ్లాటును బట్టే గానీ, అందులో ఎందరున్నారన్నదాన్ని బట్టి కాదు. పెద్దవాళ్ల కాలనీలకు పేరుపడ్డ అమెరికాలో సైతం, ఫ్లోరిడాలోని ది విలేజెస్‌లో సౌకర్యాల రుసుము ఇంటికే కడతారు.

ఉపాధ్యాయిని: చట్టం నా వైపు ఉందని నేను అనలేదు. మీరు చెప్పిన కొలతలన్నీ ఆస్తికి సంబంధించినవి. మెట్లు, పైకప్పు, నీళ్ల ట్యాంకు ఆస్తితోపాటు వస్తాయి, వాటిని ఆస్తి లెక్కనే పంచుకోవాలి. బీపీ చూసే నర్సు మాత్రం ఫ్లాటు రిజిస్ట్రేషనుతో రాలేదు. పైగా మన భోజనశాలలో నాకు ఒక్క భోజనానికే బిల్లు వేస్తున్నారు గదా! వంటమనిషిదీ నెల జీతమే, పొయ్యి కూడా ఎవరు తిన్నా తినకున్నా వెలుగుతూనే ఉంటుంది. అక్కడ తలల లెక్క సాధ్యమైనప్పుడు ఇక్కడ ఎందుకు కాదు?

కోశాధికారి: అక్కడ మనిషి పెరిగితే బియ్యం, కూరగాయలు పెరుగుతాయి; ఇక్కడ పెరిగేది దాదాపు ఏమీ లేదు. పోనీ, తలల లెక్కే న్యాయమనుకుందాం. డాలస్‌లో కొడుకు దగ్గరికి వెళ్లిపోయి తాళం వేసినవారు రేపు వచ్చి, మా ఇంట్లో తలలే లేవు, మా రుసుము సున్నా అంటే ఏం చెబుతారు? ఇంకొకటి, చెప్పడానికి ఇబ్బందిగానే ఉంది గానీ చెప్పక తప్పదు. అర్ధరాత్రి కళ్లు తిరిగితే నాకు నీళ్లిచ్చే మనిషి ఇంట్లో ఉంది. ఒంటరిగా ఉన్నవారు మాత్రం గోడ మీది గంటనే నొక్కాలి, నర్సు పరుగెత్తాలి. రాత్రి డ్యూటీ నర్సు అవసరం ఎవరికి ఎక్కువో ఆలోచించండి.

ఉపాధ్యాయిని: తాళం వేసిన ఇల్లు ఎప్పుడైనా ఈ సేవలు వాడుకునే హక్కును అట్టిపెట్టుకుంది గనుక కనీసం ఒక మనిషి రుసుము కట్టాలి, అది నా తీర్మానంలోనే ఉంది. గంట సంగతి మీరన్నది నిజమే. అయితే దంపతులున్న ఇళ్లలో మతిమరుపు జబ్బుతో మంచం పట్టినవారి కోసం నర్సు రోజుకు ఎన్నిసార్లు వెళుతోందో రిజిస్టరులో చూడండి. అవసరాన్ని బట్టే వసూలు చేద్దామంటే అందరి దగ్గరా అవసరాన్ని బట్టే చేద్దాం. అంతేగాని, ఒంటరివారికి వచ్చేసరికే అవసరం గుర్తుకు రాకూడదు.

(ఇక్కడిదాకా ఇద్దరివీ ఊహించదగిన మాటలే. కోశాధికారికి అన్నిటికన్నా బలమైన వాదం ఇప్పుడు వస్తుంది. ఇటువంటి సమావేశాల్లో దాన్ని చాలామంది మర్యాద కోసం పైకి అనరు.)

కోశాధికారి: ఇది దంపతులకూ ఒంటరివారికీ మధ్య తగవు కానే కాదు. ఈ 75 ఇళ్లలో ప్రతి ఇల్లూ ఏదో ఒకనాడు ఒక్కరి ఇల్లవుతుంది. మా ఇల్లూ అంతే. ఇద్దరున్నన్నాళ్లు తలకు తక్కువ పడుతుంది, ఒక్కరు మిగిలాక ఎక్కువ పడుతుంది. అందరూ రెండు దశలూ దాటేవారే గనుక మొత్తం మీద సరిపోతుంది. మీ తీర్మానం నెగ్గితే నెలకు 60,000 లోటు వస్తుంది, ఒక్కో జంట మీద 800 పడుతుంది. పదేళ్లకు ఒంటరి ఇళ్లు 70 అయ్యాయనుకోండి, అప్పుడు మిగిలిన 50 జంటలు ఒక్కొక్కటి 5,867 కట్టాలి. అంటే తలకు 2,933, మీకేమో 2,667. అన్యాయం పోదు, దిశ మారుతుంది.

ఉపాధ్యాయిని: రెండు దశలూ అందరూ దాటతారన్న మాట లెక్కలో బాగుంది గానీ, ఆ రెండు దశల్లోనూ చేతిలో ఉండే డబ్బు ఒకటి కాదు. పాత పెన్షను పద్ధతిలో ప్రభుత్వోద్యోగి పెన్షను ఆఖరి జీతంలో సగం. ఆయన పోయాక భార్యకు కొంతకాలం ఆ సగమే వచ్చినా, తర్వాత అది 30 శాతానికి దిగుతుంది. నాకు నా సొంత పెన్షను ఉంది గనుక గడుస్తోంది. కింది అంతస్తులోని ఆవిడకు కుటుంబ పెన్షను తప్ప మరొకటి లేదు. తలకు తక్కువ పడే దశ చేతిలో డబ్బున్నప్పుడు వచ్చి, తలకు రెట్టింపు పడే దశ డబ్బు తగ్గాక వస్తోంది. దీన్ని సరిపోవడం అనలేం. పైగా కొందరు ఒంటరిగానే ఇక్కడికి వచ్చారు, పెళ్లి చేసుకోనివారూ ఉన్నారు. వారికి ఆ మొదటి దశ ఎక్కడిది?

కోశాధికారి: ఇబ్బంది ఉన్నవారికి సంక్షేమ నిధి ఉంది, అర్జీ పెట్టుకోవచ్చు.

ఉపాధ్యాయిని: లెక్క తప్పుగా ఉన్నచోట అర్జీ ఎందుకు పెట్టాలి? ఒక్క సంగతి చెబుతాను. మావారు పోయిన నెలలోనే ఆయన క్లబ్ కార్డును ఆఫీసువారు రద్దు చేశారు. రుసుములో ఆయన వాటాను మాత్రం రద్దు చేయలేదు. మొన్న మా చెల్లెలు కాకినాడ నుంచి వచ్చి నెల రోజులుంటే, అతిథి రుసుమని రోజుకు 100 చొప్పున 3,000 వసూలు చేశారు. రెండో మనిషి చోటుకు నేను ముందే డబ్బు కట్టి ఉన్నాను గదా! అదే చోటును రెండుసార్లు అమ్మారు.

కోశాధికారి: అతిథి రుసుము విషయంలో మీకు జవాబు చెప్పలేను, అది దిద్దాల్సిందే. ఒక్కరున్న ఫ్లాటుకు రెండో కార్డును పేరు లేకుండా ఇద్దాం. దాని మీద వచ్చే బంధువు దగ్గర ఏమీ తీసుకోవద్దు. రుసుము తగ్గింపు మాత్రం నేను ఒప్పుకోను. మీ మూడో వంతు పదేళ్లు నిలవదు.

ఉపాధ్యాయిని: నిలవదన్న మీ లెక్క సరైనదే, దాన్ని తీసుకుంటున్నాను. మూడో వంతు తీసేసి తీర్మానాన్ని ఇలా సవరిస్తున్నాను: ఇద్దరున్న ఇంటికి పది పాళ్లు, ఒక్కరున్న ఇంటికి ఆరు పాళ్లు. ఇవాళ్టి లెక్కన మీకు 4,706, నాకు 2,824. మీరన్నట్టు ఒంటరి ఇళ్లు 70 అయిన నాడు జంటకు 5,217, ఒక్కరికి 3,130. తలకు చూస్తే ఎప్పటికీ నేనే ఎక్కువ కడతాను. మీరు చెప్పిన స్థిర ఖర్చులకు ఆ తేడా చాలదా?

కోశాధికారి: భార్య ఆరు నెలలు కూతురి దగ్గరికి వెళితే ఆ ఇల్లు పదా, ఆరా?

ఉపాధ్యాయిని: పదే. ఆవిడ కార్డు బతికే ఉంటుంది గదా.

కోశాధికారి: అయితే సవరణను రాతపూర్వకంగా ఇవ్వండి. దాని మీద ఓటింగ్ పెడతాను, నా ఓటు మాత్రం వ్యతిరేకంగానే వేస్తాను.