మారియో ఆలస్యంగా ఎగిరితే ముందు టీవీ సంగతి చూడండి

అనంతపురంలో తొంభైల్లో క్యాసెట్లు పెట్టి డబ్బా టీవీలో మారియో, కాంట్రా ఆడినవాళ్లు చాలామంది ఇప్పుడు అవే గేముల్ని ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్‌ని పాత గేము మెషీన్‌లా నటింపజేసే ప్రోగ్రాము) వేసి పిల్లలకు చూపిస్తున్నారు. బటన్ నొక్కితే మారియో రవ్వంత ఆగి ఎగురుతాడు, పోయి గుంతలో పడతాడు. వయసు మీదపడింది, చేతులు మునుపటిలా ఆడట్లేదని సర్దుకుపోయేవాళ్లు కొందరు. టవర్ క్లాక్ దగ్గర కొత్త కంప్యూటర్ ధర అడిగొచ్చేవాళ్లు మరికొందరు. ఆ బాధా వద్దు, ఈ ఖర్చూ వద్దు. ఎక్కువసార్లు అసలు దొంగ టీవీయే.

ఆ గేములు సెకనుకు దాదాపు 60 ఫ్రేములతో, అంటే 60 బొమ్మలతో నడుస్తాయి. అంటే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు. డబ్బా టీవీ సిగ్నల్‌ని వచ్చింది వచ్చినట్టే గీత తర్వాత గీతగా తెరమీద గీసేసేది. ఇప్పటి టీవీ అలా కాదు. బొమ్మ సైజు పెంచి, రంగులు దిద్ది, కదలికల్ని నునుపు చేసి గానీ చూపించదు. సినిమాకు ఈ హంగులు బాగుంటాయేమో, గేముకు మాత్రం గొడ్డలిపెట్టే. కొన్ని టీవీల్లో ఈ ఒక్క పనికే 100 మిల్లీసెకన్లు, అంటే ఆరు ఫ్రేములు పోతాయి. సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఆన్ చేస్తే ఇందులో చాలా భాగం తగ్గిపోతుంది.

నమ్మకం కుదరకపోతే కొలిచి చూడండి. ఫోన్లో 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టి, వేలూ తెరా రెండూ కనబడేలా వీడియో తీయండి. బటన్ కిందికి దిగిన ఫ్రేము నుంచి మారియో కాళ్లు నేల వదిలే ఫ్రేము దాకా లెక్కపెట్టండి. 30 వస్తే 125 మిల్లీసెకన్లు. గేమ్ మోడ్ పెట్టి మళ్లీ తీస్తే తేడా మీకే తెలుస్తుంది. (240 అని చెప్పి మధ్య ఫ్రేముల్ని కల్పించే ఫోన్లూ ఉన్నాయి, వాటి లెక్క నమ్మొద్దు.) బ్లూటూత్ గేమ్ రిమోట్ వాడుతుంటే యూఎస్‌బీ వైరు తగిలించి కూడా ఒకసారి కొలవండి.

ఆ తర్వాతే ఎమ్యులేటర్ జోలికి వెళ్లాలి. రెట్రోఆర్క్ అనే ఎమ్యులేటర్ ప్రోగ్రాములో 2018లో రన్-అహెడ్ అనే సదుపాయం వచ్చింది. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ అసలు మెషీన్ మీద కూడా బటన్ నొక్కిన ఫ్రేములోనే కదలదు, ఆ కొంచెం ఆలస్యం గేములోనే ఉంది. రన్-అహెడ్ గేము ఉన్న చోటుని సేవ్ చేసి, మీరు నొక్కిన బటన్‌తోనే చాటుగా ఒకట్రెండు ఫ్రేములు ముందుకు ఆడించి, ఆ బొమ్మని మీకు చూపించి, మళ్లీ వెనక్కి వచ్చేస్తుంది. ఇది మోసమని వాదించేవాళ్లున్నారు. టీవీ మింగిన సమయాన్ని కక్కించడం మోసమెలా అవుతుంది?

అయితే గేములో ఉన్న ఆలస్యాన్ని మించి పెట్టకూడదు. మించితే ఎగరడంలో మొదటి బొమ్మలు ఎగిరిపోయి, మారియో ఉన్నట్టుండి గాల్లో తేలుతాడు. గేముని పాజ్ చేసి, జంప్ బటన్ పట్టుకునే ఒక్కో ఫ్రేమూ ముందుకు జరపండి. మారియో కదలకుండా ఎన్ని ఫ్రేములు గడిస్తే అదే మీరు పెట్టాల్సిన అంకె. కంప్యూటర్‌కి పని పెరుగుతుంది గానీ, ఆ కాలపు గేములకు పాత ల్యాప్‌టాప్ కూడా సరిపోతుంది. అందుకే వేల గేములున్నాయంటూ అమ్మే, టీవీకి గుచ్చే హెచ్‌డీఎంఐ స్టిక్ కొనేకన్నా, అటకమీద పెట్టేసిన ల్యాప్‌టాప్‌ని కిందికి దించమంటాను. ఆ స్టిక్కుల్లో చాలావాటికి ఈ సెట్టింగులే ఉండవు.