అమ్మేటప్పుడు మందు, అడిగితే ఆకు

నలభై రోజుల్లో మూర్ఛ మాయం, ఇంగ్లిషు గోలీలు బంద్! కాజీపేట నుంచి ములుగు దాకా గోడల మీద, ఆటోల వెనక, ఇప్పుడు ఊరూరి వాట్సాప్ గ్రూపుల్లోనూ ఇదే తరహా రాతలు. పూర్తిగా నమ్మినవాళ్లు గోలీ మానేస్తారు. సగం నమ్మినవాళ్లు గోలీతో పాటు వాళ్లమ్మే మూలికల పొడీ మింగుతారు. హఠాత్తుగా గోలీ ఆపితే ఫిట్స్ ఎడతెరిపి లేకుండా వచ్చి ప్రాణం మీదికి తెస్తాయని చాలామందికి తెలుసు. మా భయమల్లా ఆ రెండోవాళ్ల గురించే. తాము జాగ్రత్తగానే ఉన్నామని వాళ్లు అనుకుంటున్నారు.

ఫెనిటాయిన్ సంగతే చూడండి. మూర్ఛకు వాడే చవకైన పాత మందు, పేదల ఇళ్లలో ఏళ్ల తరబడి వాడుతున్నది. రక్తంలో మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాముల మధ్య ఉండాలి. తగ్గితే ఫిట్స్ తిరగబెడతాయి. పెరిగితే మనిషి తూలుతాడు, మాట ముద్దవుతుంది, ఒకటి రెండుగా కనబడుతుంది. తాగొచ్చాడని ఇంట్లోవాళ్లే తిట్టిపోస్తారు. పరీక్షల ముందు పిల్లలకు జ్ఞాపకశక్తి కోసం పట్టే శంఖపుష్పి సిరప్ ఈ మందును రక్తంలో తగ్గించగలదని ముంబయి వైద్యులు 1992లోనే రాశారు. అదుపులో ఉన్న ఫిట్స్ మళ్లీ ఎందుకొచ్చాయని ఆరా తీస్తే తేలిన సంగతది. త్రికటు చూర్ణంలోని మిరియాలు, పిప్పళ్లది దానికి తలకిందుల వ్యవహారం. వాటిలోని పైపరిన్ ఇదే మందును రక్తంలో పెంచుతుంది. ఇక పేరులేని పొట్లంలో ఏముందో అమ్మేవాడికే ఎరుక. మూలికల పేరుతో అమ్మిన మూర్ఛ పొడుల్లో ఫినోబార్బిటాల్ అనే ఇంగ్లిషు మూర్ఛ మందే బయటపడ్డ ఉదంతాలు ఈ దేశంలో ఉన్నాయి.

ఇది ఆయుర్వేదం మీద దాడి అనేవాళ్లుంటారు. ఆకుల్లో గుణం ఉందనే మేమూ అంటున్నాం. గుణం ఉంది గనకే గోలీతో పేచీ వస్తోంది. అమ్మేటప్పుడేమో అది మహత్తర ఔషధం. బిడ్డ పడిపోయాక అడిగితే 'పసరే కదా, ఏం చేస్తుంది' అంటారు. ఈ రెండు నాల్కల మాటే మాకు మింగుడు పడనిది.

సర్కారుదీ అదే నాలుక. మూర్ఛను నయం చేస్తామని ప్రకటించడాన్నే 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. తొలి నేరానికే ఆరు నెలల దాకా జైలు. ఆయుష్ మందుల ప్రకటనలకు ముందస్తు అనుమతి ఉండాలన్న ఔషధ నియమావళిలోని 170వ నిబంధన 2018లో వచ్చింది. 2024 జులైలో దాన్ని తొలగిస్తూ నోటిఫికేషన్ ఇచ్చింది కేంద్రమే. తయారీ లైసెన్సు ఇచ్చేటప్పుడు మందు, ప్రకటనకు జవాబు చెప్పాల్సి వస్తే ఆకు!

డాక్టర్లూ తప్పుకోలేరు. కిక్కిరిసిన ఓపీలో 'ఇంకేమైనా వాడుతున్నావా' అని అడిగే తీరిక ఎవరికుంది? అడిగినా కసురుతారని రోగి నోరు విప్పడు. వరంగల్‌లోనే కాకతీయ మెడికల్ కాలేజీ ఉంది, అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కాలేజీ ఉంది. రెండూ కలిసి కూర్చుని, మూర్ఛ గోలీలతో ఏ మూలికలు కలపకూడదో తెలుగులో ఒక్క కాగితం రాయలేవా? ప్రతి మందుల షాపులో అంటించడానికి ఎంత ఖర్చవుతుంది?

ఔషధ నియంత్రణ అధికారులకు ఒక మాట. ఆ గోడ రాతల కిందే ఫోన్ నంబర్లు ఉంటాయి. ఇంటెలిజెన్స్ సమాచారం అక్కర్లేదు, ఒక్క కాల్ చాలు. ఎప్పుడో ఒకసారి నాలుగు డబ్బాలు సీజ్ చేసి ఫొటోలు దిగడం ఆపి, ముందు ఆ కాల్ చేయండి.