సవరణ: శాండర్సన్ కెమెరా, హాఫ్ ప్లేట్ కొలత

పాత బ్రిటిష్ మడత కెమెరాల గురించి నేను రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి. చదివినవాళ్లు మన్నించాలి.

శాండర్సన్ కెమెరాలను శాండర్సనే తయారుచేసి అమ్మేవారని రాశాను. అది నిజం కాదు. ఫ్రెడరిక్ శాండర్సన్ కేంబ్రిడ్జిలో చెక్కపని చేసేవారు. పెద్ద కట్టడాలను ఫొటో తీయడం ఆయనకు ఇష్టం. కెమెరాను పైకి వంచితే గోడలు లోపలికి వాలినట్టు పడతాయి కదా! అందుకే లెన్సు పలకకు రెండు పక్కలా గాడి ఉన్న పట్టీలు బిగించారు. కెమెరా నిటారుగానే ఉంటుంది, లెన్సు మాత్రం పైకి జరుగుతుంది, వంగుతుంది. 1895లో వచ్చిన పేటెంటు ఆయనది. కెమెరాలు చేసింది హోమ్స్ బ్రదర్స్, అమ్మింది లండన్‌లోని హౌటన్ సంస్థ. పేరు చూసి పొరబడ్డాను.

రెండోది ఇంకా ముఖ్యం. ఆ కెమెరాల్లో ఫిల్ముకు బదులు గాజు పలకలు (ప్లేట్లు) వాడేవారు. వాటి కొలతల్లో హాఫ్ ప్లేట్ అంటే హోల్ ప్లేట్‌లో సరిగ్గా సగమని రాశాను. హోల్ ప్లేట్ 8½ × 6½ అంగుళాలు. దాన్ని సగానికి కోస్తే 6½ × 4¼ వస్తుంది. బ్రిటిష్ హాఫ్ ప్లేట్ మాత్రం 6½ × 4¾. అర అంగుళం తేడా! క్వార్టర్ ప్లేట్ (4¼ × 3¼) సరిగ్గా పావు వంతే, అందుకే లెక్క సూటిగా ఉంటుందనుకున్నాను. నా మాట నమ్మి ఎవరైనా గాజు కోయబోతుంటే దయచేసి ఆగండి, ముందు మీ హోల్డర్ (ప్లేటును పట్టి ఉంచే చట్రం) లోపలి కొలత తీసుకోండి.

అదే పోస్టులో, జార్జ్ హేర్ అనే తయారీదారు చేసిన 1882 నాటి కెమెరా గురించి నేను రాసిన భాగంలో మార్పు లేదు.