లప్పం గారికి ఒక విన్నపం

రంగు వేసే ముందు గోడ నునుపు కోసం పూసే తెల్లటి ముద్ద, మహారాజశ్రీ లప్పం గారికి నమస్కారాలు.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, కుశలంగా ఉన్నది మీరొక్కరే. బకెట్లో హాయిగా కూర్చున్నారు. నేనేమో హాల్లో గోడ పొట్ట చూస్తూ నిలబడ్డాను.

మధ్యాహ్నం పెయింటర్ వచ్చాడు. ఫోన్లో టార్చ్ వేసి, గోడకు ఆనించి, పక్కనుంచి వెలుగు కొట్టాడు. అప్పటిదాకా బుద్ధిగా కనిపించిన గోడ నిజస్వరూపం చూపించింది. ఎక్కడ చూసినా గుంటలు, తాపీ అంచు గీసిన గీతలు, సరిగ్గా మధ్యలో మూరెడు పొడుగున ఉబ్బు. "ఇది ప్లాస్టరింగ్‌లోనే చూసుకోవాలి సార్, లప్పంలో పోదు" అన్నాడు. ప్లాస్టరింగ్ చేసిన మేస్త్రి ఇదే గోడ ముందు నిలబడి, ఇదే ఉబ్బును అరచేత్తో నిమురుతూ ఏమన్నాడో తెలుసా? "లప్పంలో పోద్ది సార్, మీరు టెన్షన్ పడకండి."

మీరు ఈ ఇంట్లో అడుగుపెట్టకముందే మీ నామస్మరణ మొదలైందండీ. మూల మట్టానికి రాలేదా? లప్పం. నిచ్చెన తగిలి పెచ్చు ఊడిందా? లప్పం. ప్లాస్టరింగ్ అంతా అయ్యాక ఎలక్ట్రీషియన్‌కి ఇంకో పాయింట్ గుర్తొచ్చింది. కట్టర్‌తో గోడను నిలువునా కోసి, పైపు దూర్చి, పిడికెడు సిమెంటు పులిమి, చేతులు దులుపుకుంటూ అతనూ అదే మంత్రం చదివాడు. ఎవరి పాపం వాళ్లు మీ నెత్తిన రుద్ది, డబ్బులు లెక్కపెట్టుకుని వెళ్లిపోయారు.

ఇంతకీ తమరి తాహతు ఎంతండీ? రెండు పూతలూ కలిపితే ఒకటిన్నర మిల్లీమీటర్లు. అంతకు మించి మందం పెడితే మీరే పగులుతారు, ఆ తర్వాత పొరలుగా లేస్తారు. లోపలి గోడకు ప్లాస్టరింగ్ మందం మామూలుగా 12 నుంచి 15 మిల్లీమీటర్లు. అంత మందంలో తిన్నగా రాని గోడను ఒకటిన్నర మిల్లీమీటర్లతో ఉద్ధరిస్తారా? మీకు తెలుసు, కాదని. "నా వల్ల కాదు బాబూ" అని ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి నోరు విప్పి ఉంటే నా గోడ ఇలా ఉండేదా? నీ పేరు చెప్పి ఇంతమంది నన్ను ముంచుతుంటే బస్తాలో మూతి బిగించుకుని కూర్చుంటావా?

క్షమించాలి. తమరిని ఏకవచనంలో పిలిచాను.

అసలు పని ఏమంత బ్రహ్మవిద్య కాదు. ఇసుక జల్లెడ పట్టాలి. గోడ మీద అక్కడక్కడా సిమెంటు బిళ్లలు పెట్టి, దారానికి కట్టిన గుండు వేలాడదీసి, అన్నీ ఒకే మట్టానికి వచ్చాయో లేదో చూసుకోవాలి. ఆ బిళ్లల మధ్య మాలు, అంటే ఇసుకా సిమెంటూ కలిపిన ముద్ద, కొట్టి, వాటి మీదుగా పొడుగాటి బద్ద లాగాలి. ఎక్కువైన మాలు బద్ద వెంట వచ్చేస్తుంది, తక్కువైన చోట గుంట కనిపిస్తుంది. ఆ గుంటలో మళ్లీ మాలు కొట్టి మళ్లీ లాగాలి. అంతే. మా మేస్త్రి దగ్గర బద్ద లేక కాదు, ఉంది. రోజంతా దాన్ని గోడకు ఆనించి, దాని మీద చొక్కా ఆరేసుకునేవాడు. మట్టం కంటితోనే చూసేవాడు. "ఇన్నేళ్ల అనుభవం సార్" అనేవాడు, ఒక కన్ను మూసి.

పైపెచ్చు నునుపు కోసం తడి గోడ మీద పొడి సిమెంటు చల్లి, ఇనుప తాపీతో మెరిసేదాకా రుద్దాడు. ఆ సాయంత్రం గోడ ధగధగలాడింది. ఆరేసరికి సాలెగూడు అల్లినట్టు సన్నటి పగుళ్లు. కనీసం వారం రోజులు నీళ్లు పట్టాల్సిన గోడ, నేను వస్తున్నానని ఫోన్ చేసినప్పుడే తడిసేది.

"జిప్సం ప్లాస్టరింగ్ చేయించాల్సింది, నీళ్లు పట్టే బాధే ఉండదు" అని ఇప్పుడు సలహాలిచ్చే చుట్టాలకు వేరే లేఖ రాస్తాను. దానికి తడి పడదు గనక బాత్రూంలో పనికిరాదని మాత్రం వాళ్లెవరూ చెప్పరు. ఉప్పు కాగితంతో రుద్దినప్పుడు రేగిన మీ తెల్లటి ధూళి నా కళ్లద్దాల్లోంచి, అల్మరాల్లోంచి ఎప్పుడు ఖాళీ చేస్తుందో కూడా తమరు సెలవివ్వలేదు.

ఒక్క మాట ఒప్పుకోవాలి. పడగ్గదిలో కిటికీ ఎదురు గోడ మీద మీరు అద్భుతంగా కుదిరారు. ఆ రోజు మేస్త్రికి జ్వరం. అతని దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు భయం భయంగా బిళ్లలు పెట్టి, గుండు వేసి, బద్ద లాగాడు. ఆ గోడకు మీరు పల్చగా రెండు చేతులు పడ్డారు, టార్చ్ వేసినా చిన్న నీడ లేదు. చేత్తో నిమిరితే ఇంకోసారి నిమరాలనిపిస్తుంది. సాయంత్రం కార్పెంటర్ వచ్చి అన్ని గదులూ కొలిచి, ఆ గోడ దగ్గరే ఆగాడు.

"మట్టంగా ఉంది ఇదొక్కటే సార్. వార్డ్‌రోబ్ ఇక్కడే పెట్టేద్దాం, కింద నుంచి పైదాకా."