102 రంగులకి లెక్క చెప్పాల్సిందే

హెలెన్ ఫ్రాంకెంథాలర్ అనే అమెరికన్ ఆర్టిస్ట్ మీద నాకో కంప్లైంట్ ఉంది. ఆవిడ 2011లోనే పోయారు కాబట్టి ఇక మీరే వినాలి.

2000లో ఆవిడ 'మేడమ్ బటర్‌ఫ్లై' అని ఓ వుడ్‌కట్ వేశారు, అంటే చెక్క దిమ్మ మీద చెక్కి, రంగు పూసి కాయితం మీద అచ్చేసే బొమ్మ. మూడు కాయితాలు పక్కపక్కన పెడితే రెండు మీటర్ల వెడల్పు. దానికి పట్టిన చెక్క దిమ్మలు 46, రంగులు 102. ఇంతా చేస్తే బొమ్మ ఎలా ఉంటుందంటే, ఎవరో చెక్కబల్ల మీద లేత రంగు నీళ్ళు ఒలకబోసి తుడవడం మర్చిపోయి వెళ్ళిపోయినట్టు ఉంటుంది. నేను ఫోన్‌లో జూమ్ చేసి మరీ రంగులు లెక్కపెట్టాను, 11 దగ్గర కళ్ళు లాగేసి ఆపేశా. మిగతా 91 ఏమయ్యాయండీ?

మనం లెక్క తెలిసిన మనుషులం. పెళ్ళి భోజనంలో 26 ఐటమ్స్ అంటే 26 ఆకులో కనబడాలి, ఫ్లెక్సీకి చందా ఇచ్చిన ప్రతివాడి మొహం ఫ్లెక్సీ మీద ఉండాలి, చిన్నదైనా సరే. పడ్డ కష్టం కనబడకపోతే ఇంక పడడం దేనికి?

పోనీ ఈవిడకి రంగులు ఒంపడం రాక ఈ తంటాలు పడ్డారా అంటే, అయ్యో, ఒంపడంలోనే ఆవిడ ఫేమస్. 23 ఏళ్ళ వయసులో, 1952 అక్టోబర్‌లో, ప్రైమర్ కొట్టని కాన్వాస్ నేల మీద పరిచి పల్చటి ఆయిల్ రంగులు దాని మీద పోసి గుడ్డలోకి ఇంకనిచ్చి 'మౌంటెన్స్ అండ్ సీ' అనే పదడుగుల పెయింటింగ్ ఒక్కరోజులో తేల్చేశారు. అలాంటి మనిషి ఏరికోరి చెక్క పట్టుకోవడం ఏంటి? చెక్క ఉలి మాట తప్ప ఇంకెవరి మాటా వినదు కదా.

1973లో 'ఈస్ట్ అండ్ బియాండ్'తో మొదలుపెట్టారు, చెక్కని రంపంతో ముక్కలుగా కోసి ముక్కకో రంగు. 1983లో ఏకంగా క్యోటో వెళ్ళి తాడాషి తోడా అనే ప్రింటర్‌తో కలిసి 'సీడర్ హిల్' వేశారు. జపాన్‌లో పాతకాలం నుంచీ బొమ్మ గీసేవాళ్ళు వేరు, చెక్కేవాళ్ళు వేరు, అచ్చేసేవాళ్ళు వేరు, వీళ్ళందరి మీదా డబ్బు పెట్టే పబ్లిషర్ వేరు. జపాన్ ఆర్టిస్ట్ హొకుసాయ్ వేసిన ఆ ఫేమస్ సముద్రపు అల బొమ్మ కూడా ఇలా నలుగురి చేతుల్లోంచి లేచిందే, పేరు మాత్రం హొకుసాయ్‌ది. దిమ్మ అంచున కెంతో అని చిన్న గాడి ఉంటుంది, ప్రతి రంగుకీ కాయితం అందులోనే ఆనాలి, ఆనాక వెదురు పొర చుట్టిన బారెన్ అనే గుండ్రటి బిళ్ళతో కాయితం వెనకనుంచి రుద్దాలి, వెంట్రుకవాసి జరిగితే అప్పటిదాకా పడ్డదంతా గంగపాలు. రంగుకో టేకు అచ్చు పట్టుకుని గుడ్డ మీద అద్దే మన పెడన కలంకారీ వాళ్ళకి ఈ బాధ నేను చెప్పక్కర్లేదు.

అసలు దారుణం 1998లో వచ్చిన 'టేల్స్ ఆఫ్ గెంజి'. ఆరే ఆరు ప్రింట్లు, దాదాపు మూడేళ్ళు. న్యూయార్క్ దగ్గర కెన్ టైలర్ అనే ప్రింటర్ వర్క్‌షాప్‌లో ఆవిడ ముందు చెక్కపలకల మీద హాయిగా పెయింట్ పారించేశారు, తర్వాత క్యోటోలో పని నేర్చుకున్న యసుయుకి షిబాటా, మిగతా టీమ్, ఆ పారిన రంగుని ఉలితో చెక్కాలి. కారిన చోట కారినట్టు, ఇంకిన చోట ఇంకినట్టు, పొరపాటున పడ్డ చుక్కని పొరపాటున పడ్డట్టే, చాలా జాగ్రత్తగా. ఇది ఏ లేబర్ ఆఫీసులో చెప్పుకోవాలి?

ఆవిడ కుర్చీలో కూర్చుని చూశారని మాత్రం అనను. ప్రూఫ్ (శాంపిల్ అచ్చు) తర్వాత ప్రూఫ్ తీయించి మార్పించేవారు, ఇసుక కాయితం, పళ్ళ డాక్టర్ పనిముట్లు, ఆఖరికి చీజ్ తురిమే గ్రేటర్ కూడా పెట్టి చెక్క మొహం గీకేవారు, దానికి 'గజ్జీయింగ్' అని సొంతంగా ఓ పేరు కూడా. ఇంత చేసి, మంచి బొమ్మ అంటే ఒక్క క్షణంలో జరిగిపోయినట్టు ఉండాలి అనేవారట. అంటే మూడేళ్ళు కష్టపడేది మూడేళ్ళు కనబడకుండా చెయ్యడానికన్నమాట. మా ఆఫీసులో ఈ పద్ధతి పెడితే అప్రైజల్‌లో ఒక్కడూ మిగలడు.

కాబట్టి నా డిమాండ్ ఒకటే. బొమ్మ కింద పెన్సిల్ సంతకం ఆవిడది ఒక్కటే ఉంటుంది, దాని పక్కనే మస్తర్ రోల్ అంటించాలి, ఏ దిమ్మ ఎవరు చెక్కారు, ఏ రంగు ఏ రోజు పడింది, ఎన్ని టీలు తాగారు. మన సినిమాల్లో భోజనాలు పెట్టినవాళ్ళకి కూడా టైటిల్ కార్డ్ వేస్తాం, 46 దిమ్మలు మోసినవాళ్ళు ఏం పాపం చేశారు?

ఆధారాలు లేకుండా మాట్లాడానని అనకూడదని నేను కూడా పోయిన ఆదివారం ఓ పాత పీట, వంటింట్లో తురుముపీట, పిల్లల వాటర్ కలర్స్ తీసుకుని కూర్చున్నా. చిన్నప్పుడు బెండకాయ అచ్చులు బ్రహ్మాండంగా వేసినవాణ్ణి. పొద్దున తొమ్మిదింటికి మొదలుపెడితే సాయంత్రం నాలుగయింది, నాలుగు రంగులు, రెండు వేళ్ళకి బ్యాండ్ ఎయిడ్. ఆరాలని కాయితం టేబుల్ మీద పెట్టి చెయ్యి కడుక్కోడానికి వెళ్ళా.

మా ఆవిడ హాల్లోంచి అరిచింది, "ఏవండీ, టేబుల్ మీద టీ ఒలకబోసింది మీరేనా?"